కొల్లూరుకి 83, ఎస్.ఆర్. నగర్‌కి 61

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆవిడకి నలభై రెండేళ్లు. జాతీయ బ్యాంకులో ఆఫీసరు, బ్రాంచి నాంపల్లిలో. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. వారానికి రెండు రోజులు వెళ్తే చాలు. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. డెబ్భై నాలుగేళ్ల మామగారు వీళ్ల దగ్గరే ఉంటారు. ఆయనకి రెండు స్టెంట్లు పడ్డాయి, చెకప్‌లన్నీ పంజగుట్ట నిమ్స్ ఆస్పత్రిలో. మోతీనగర్‌లో తొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్న ఇల్లు ఓనర్ అమ్మేస్తున్నారు.

ఈలోగా వీధిలో ఒక సంఘటన జరిగింది. సాయంత్రం ఏడింటికి బైక్ మీద వచ్చినవాళ్లు పక్కింటావిడ మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయారు. ఆవిడ కిందపడి మోచెయ్యి విరిగింది. బాల్కనీలో ఉన్న పాప అంతా చూసింది. అప్పటి నుంచి భర్తకి ఒకటే ధ్యాస, సేఫ్టీ. రాత్రిళ్లు ఏ నగరం సురక్షితమో చెప్పే వీడియోలు చూసి, ఎక్సెల్ షీట్ తయారుచేసి పది అంశాలకి మార్కులు వేశారు. నగరానికి పడమటి శివారు కొల్లూరులో గేటెడ్ కమ్యూనిటీ పంతొమ్మిదో అంతస్తు ఫ్లాటుకి 83 (ఆ టవర్ ఎనిమిది నెలల్లో ఇస్తామంటున్నారు, పక్క టవర్లలో జనం ఉంటున్నారు). ఈవిడ పుట్టిల్లున్న విశాఖకి 78. ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషన్‌కి నడిచివెళ్లే దూరంలో, పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ఫ్లాటుకి 61. ఈవిడ మనసు మాత్రం ఆ 61 మీదే ఉంది. ఆ మాట అంటే భర్త, "నీకు ఉద్యోగం ముఖ్యమా, పిల్ల సేఫ్టీ ముఖ్యమా?" అన్నారట. "ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నేనే స్వార్థంగా ఆలోచిస్తున్నానా?" అని ముగించారు.

చూడండమ్మా, ఆ ప్రశ్నకి జవాబు లేకపోవడానికి కారణం ప్రశ్న తప్పుగా ఉండటమే. మీ ఉద్యోగం ఒకవైపు, పాప భద్రత ఒకవైపు పెట్టి తూచాల్సిన పరిస్థితి మీ ఉత్తరంలో నాకెక్కడా కనపడలేదు. కనపడింది వేరు. మీ ఇంట్లో అయిదుగురున్నారు, అయిదుగురి భయాలూ వేరు. షీట్‌లోకి ఎక్కింది ఒక్కరి భయమే.

అలాగని మీ వారి భయాన్ని కొట్టిపారేయకండి. కళ్లెదుట ఒక మనిషి కిందపడటం, కూతురు అది చూడటం చిన్న విషయం కాదు. ఆయన షీట్ మీద నాకు కోపమూ లేదు. చాలామంది ఆ మాత్రం లెక్క కూడా వేయకుండా బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ చూసి సంతకం పెట్టేస్తారు. నా అభ్యంతరమల్లా ఆయన మార్కులు ఎక్కడ నుంచి తెచ్చారన్నదే.

ఆ వీడియోలు చెప్పే ర్యాంకుల సంగతి తీసుకోండి. 2019లో మెర్సర్ సంస్థ నాణ్యమైన జీవనం జాబితాలో హైదరాబాద్, పుణె కలిసి మన దేశంలో మొదటి స్థానంలో నిలిచాయి. ప్రపంచంలో అది 143వ స్థానం. అంతకు ముందు ఏడాదే, 2018లో, కేంద్ర ప్రభుత్వం సులభ జీవన సూచీ విడుదల చేసింది. అందులో పుణె మొదటిది, తిరుపతి నాలుగోది, హైదరాబాద్ 27వది. ఒక్క ఏడాదిలో ఊరేమీ మారిపోలేదు, అడిగినవాళ్ల అవసరాలు వేరు. మెర్సర్ జాబితా వాడేది ముఖ్యంగా పెద్ద కంపెనీలు, ఉద్యోగిని వేరే దేశానికి పంపితే ఎంత అలవెన్స్ ఇవ్వాలో తేల్చుకోవడానికి. రెండోది మున్సిపాలిటీల పనితీరు, సదుపాయాలు, ఆర్థిక స్థితి లాంటివి కొలిచింది. నాంపల్లిలో పని ముగించుకుని రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరాల్సిన బ్యాంకు ఆఫీసరు గురించి ఆ రెండింటిలో ఏదీ ఆలోచించలేదు.

నేరాల లెక్కలూ అంతే. జాతీయ నేర నమోదు సంస్థ 2022 లెక్కల్లో పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి కేసులు అతి తక్కువున్నది కోల్‌కతాలో, తర్వాత పుణె, మూడోది హైదరాబాద్. మీ వారికి ఇది చెబితే కాస్త ఊరట కలగవచ్చు. కానీ అవి నమోదైన కేసులు మాత్రమే. కేసులు పెరిగినంత మాత్రాన నేరాలు పెరిగినట్టు కాదని ఆ సంస్థే తన నివేదికలో హెచ్చరిస్తుంది. స్టేషన్‌కి వెళ్తే ఫిర్యాదు తీసుకుంటారన్న నమ్మకం ఉన్నచోట కేసులు ఎక్కువ కనిపిస్తాయి, కేరళ లెక్కలు పెద్దవిగా ఉండటానికి అదొక కారణం. పైగా నగరం మొత్తానికి వేసిన సగటు మీ సందుకి వర్తించదు. మెయిన్ రోడ్డుకి ఇవతల ఒక రకంగా, అవతల ఇంకో రకంగా ఉండే ఊరు మనది.

ఇంకో లెక్క కూడా మీ వారికి చూపించండి. 2022లో దేశంలో నమోదైన హత్య కేసులు 28,522. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. దాదాపు ఆరింతలు. ఆ మృతుల్లో నూటికి నలభై నాలుగు మంది టూవీలర్ మీద వెళ్తున్నవాళ్లే. మనం దొంగకి భయపడి గేటూ, గార్డూ, కెమెరాలూ ఉన్నచోటికి వెళ్తాం. ఆ గేటు చేరడానికి రోజూ రెండు గంటలు రోడ్డు మీద ఉంటాం. ఈ రెండో సంగతి భద్రత కాలమ్‌లో ఎవరూ రాయరు.

ఇక్కడే కొల్లూరు విషయంలో మీకు మింగుడుపడనిది ఏమిటో నాకు అర్థమైంది. మీ వారు ఆఫీసుకి వెళ్లేది వారానికి రెండు రోజులు, మీరు వెళ్లేది అయిదో ఆరో రోజులు. రెండు రోజులు వెళ్లే మనిషికి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఆఫీసు దగ్గరవుతుంది, దాదాపు రోజూ వెళ్లే మనిషికి నాంపల్లి ముప్పై కిలోమీటర్ల దాకా అవుతుంది. కొల్లూరుకి మెట్రో లేదు. పైగా మీది ట్రాన్స్‌ఫర్లున్న ఉద్యోగం. ఈ బ్రాంచి కాకపోతే రేపు సికింద్రాబాదో, దిల్‌సుఖ్‌నగరో. ఎస్.ఆర్. నగర్ నుంచి అయితే ఊళ్లో ఏ మూలకి వేసినా మెట్రో ఎక్కి ఎలాగో చేరతారు. కొల్లూరు నుంచి సగం బ్రాంచిలు మీకు అందవు. దీన్ని స్వార్థం అనుకోకండి. మీరు ఎనిమిదిన్నరకి ఇల్లు చేరితే స్కూలు నుంచి నాలుగింటికి వచ్చిన పాప దగ్గర ఎవరుంటారు, మామగారి సాయంత్రం మాత్రలు ఎవరు చూస్తారు అన్నది పిల్ల భద్రతకి సంబంధించిన విషయమే. మీ వారు ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఆ పూట తనదేనని ఒప్పుకుంటే కొల్లూరు లెక్క మారుతుంది. ఆ మాట మాత్రం ముందే, స్పష్టంగా జరగాలి. కొన్న తర్వాత తేల్చుకుందాం అనుకుంటే అది మీ మీదే పడుతుంది.

నన్నడిగితే ఆ షీట్‌ని పారేయవద్దు, తిప్పి రాయండి. ఊళ్ల పేర్లూ అంశాలూ కాకుండా, అడ్డంగా అయిదుగురి పేర్లు, నిలువుగా రోజులో గంటలు. ఉదయం ఏడున్నరకి ఎవరెక్కడ? మధ్యాహ్నం మూడింటికి? రాత్రి ఒంటిగంటకి మామగారికి ఛాతీలో నొప్పి వస్తే? ఇలా రాస్తే మార్కులు వేయాల్సిన అవసరమే చాలావరకు పోతుంది.

ఆ ఒంటిగంట సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో నిజంగా ప్రాణం మీదికి వచ్చే వేళ అదే. పంతొమ్మిదో అంతస్తులో స్ట్రెచర్ పట్టే లిఫ్ట్ ఉందా? కొత్త టవర్లలో ఉండాలి. ఉంటే రాత్రిపూట అది తాళం వేసి ఉంటుందా, సామాన్లు మోయడానికి వాడుతున్నారా? కరెంటు పోతే జనరేటర్ మీద ఆ లిఫ్ట్ నడుస్తుందా? గేటు దగ్గర అంబులెన్సు ఆపి రిజిస్టర్‌లో రాయించుకుంటారా? ఉంటున్న టవర్లలో పెద్దవాళ్లున్న ఇల్లు ఒకటి చూసుకుని అడగండి, సేల్స్ ఆఫీసులో కాదు. ఎస్.ఆర్. నగర్ ఫ్లాటుకీ ఇదే పరీక్ష. ఆ పాత లిఫ్టులు నలుగురు నిలబడితే నిండిపోతాయి, స్ట్రెచర్ ఎక్కదు. రెండో అంతస్తు కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు దించగలరేమో, మెట్ల మలుపు దగ్గర కుర్చీ తిరుగుతుందో లేదో కొలిచి చూడండి. సందులో రెండువైపులా కార్లు పెట్టాక అంబులెన్సు దూరుతుందా? రాత్రి పదకొండింటికి వెళ్తేనే అది తెలుస్తుంది. పగలు ఆ కార్లన్నీ ఆఫీసులకి వెళ్లిపోయి ఉంటాయి. పంజగుట్ట అక్కడికి మెట్రోలో రెండు స్టేషన్లే, ఆ సౌకర్యం కొల్లూరుకి లేదు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మోడల్ ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు మామగారు బాల్కనీ గుమ్మం దాకా వచ్చి, వెనక్కి జరిగి, సోఫాలో గోడవైపు కూర్చున్నారని రాశారు. ఆయన ఏమీ అనలేదన్నారు. అనరు. కొడుకు అంత ఉత్సాహంగా చూపిస్తుంటే ఏ తండ్రీ అనడు. రోజంతా ఇంట్లో ఉండేది ఆయనే కదా, ఒకరోజు మీ వారు లేనప్పుడు కూర్చోబెట్టి అడగండి. గేటెడ్ కమ్యూనిటీ అంటే పెద్దవాళ్లకి జైలనే మాట నేననను. కింద వాకింగ్ ట్రాక్ చుట్టూ తిరుగుతూ సాయంత్రమంతా కబుర్లు చెప్పుకునే గుంపులు చాలా చోట్ల ఉన్నాయి, బయటి రోడ్లమీద వాళ్లు అలా నడవలేరు. మీ మామగారు కొత్తవాళ్లతో కలిసే మనిషా కాదా అన్నది మీకే తెలియాలి.

ఇక స్థలం చూడటానికి వెళ్లినప్పుడు. బ్రోకరు తీసుకెళ్లే ఆదివారం ఉదయం పదింటికి ప్రతి వీధీ బాగానే ఉంటుంది. పని ఉన్న రోజు, చీకటి పడ్డాక, మీరూ పాపా ఇద్దరే స్టేషన్ నుంచి ఆ ఇంటిదాకా నడవండి. ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో చూడండి. ట్యూషన్ నుంచి ఆడపిల్లలు నడిచి వస్తున్నారా, మెట్ల మీద కూర్చుని ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారా, ఎనిమిదిన్నరకి కిరాణా కొట్టు తెరిచి ఉందా? నాకు వీటి మీద ఉన్న నమ్మకం సీసీ కెమెరాల మీద లేదు. మూల మీద ఇస్త్రీ బండి ఉంటుంది, ఆయన్నడగండి. ఏ ఇంట్లో దొంగలు పడ్డారో, ఏ సందులో కుర్రాళ్లు తాగుతారో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. గొలుసు దొంగతనాలు ఎస్.ఆర్. నగర్‌లో జరగవని నేను హామీ ఇవ్వలేను. కొల్లూరులో గేటు లోపల జరిగే అవకాశం తక్కువ, నిజమే. కానీ గేటుకీ బస్సు దిగే చోటుకీ మధ్య సర్వీస్ రోడ్డు ఉంటుంది చూడండి, చీకటి పడ్డాక పాప దాని మీద నడవాల్సి వస్తుందా అన్నది తేల్చుకోండి.

నీళ్ల గురించి ఇంకో రెండు మాటలు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకి హైదరాబాద్‌లో ఎన్ని కాలనీలు మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. కొనబోయే చోట పాత కాపురస్థులని ఆ రాత్రి గురించే అడగండి. "ఇక్కడ నీళ్లు వస్తాయా?" అంటే రావంటారు. "2020లో ఎందాకా వచ్చాయి?" అంటే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. కొల్లూరు ఫ్లాటు సర్వే నంబరు చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్‌లలో పడుతుందేమో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుల్లో చూసుకోండి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ విషయం తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయి. ఎస్.ఆర్. నగర్ వైపు అయితే పెద్ద వానకి మైత్రీవనం దగ్గర రోడ్డు చెరువైపోతుంది, బల్కంపేట అండర్‌బ్రిడ్జి నిండిపోతుంది. ఇల్లు మునగకపోయినా ఆ సాయంత్రం మీరు ఇల్లు చేరడం ఎలాగో ఆలోచించుకోవాలి. తాగేనీళ్ల సంగతికి వస్తే కొల్లూరు అసోసియేషన్‌ని ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ల ఖర్చు చూపించమనండి. సగటు చెబితే ఒప్పుకోకండి. అన్నట్టు పటాన్‌చెరు పారిశ్రామికవాడ అక్కడికి మరీ దూరమేం కాదు. గాలి అటు నుంచి వీచే రాత్రి ఒకసారి వెళ్లి బాల్కనీలో నిలబడితే, షీట్‌లో గాలికి వేసిన 9 మార్కులు ఉంచాలో తీయాలో తెలుస్తుంది.

గాలి అంటే గుర్తొచ్చింది. విశాఖకి ఆయన గాలి కింద పదికి పది వేశారు, సముద్రం ఉంది కాబట్టి. మీ పుట్టిల్లు గోపాలపట్నం. 2020 మే 7 తెల్లవారుజామున పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి లీకై పన్నెండు మంది పోయిన రోజు మీ అమ్మానాన్నలు తడిగుడ్డలు ముఖానికి కట్టుకుని పరుగెత్తారని మీరే రాశారు. పోర్టుకి దగ్గరున్న పాతబస్తీ వాళ్లనడిగితే కిటికీల మీద పడే నల్ల పొడి గురించి చెబుతారు. మధురవాడలో ఉండేవాళ్ల అనుభవం వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరంతటికీ రోజుల తరబడి కరెంటు లేదు, అయినా దెబ్బ అన్నిచోట్లా ఒకేలా పడలేదు. కాబట్టి విశాఖ మంచిదా కాదా అని కాకుండా, విశాఖలో ఎక్కడ అని అడగాలి. అది మీ షీట్‌లో లేదు. విశాఖకి నిజమైన బలం వేరే ఉంది, మీ అమ్మానాన్నలు. వాళ్లకీ వయసు మీద పడుతోంది. కానీ మీ ట్రాన్స్‌ఫర్ ఎప్పుడొస్తుందో చెప్పలేం, మీ వారి కంపెనీ వారానికి రెండు రోజులన్నది రేపు నాలుగంటే ఇల్లు రెండు ఊళ్ల మధ్య చీలిపోతుంది. మామగారు కొత్త గుండె డాక్టరుతో మళ్లీ మొదలుపెట్టాలి. వెళ్లాలనే ఉంటే ట్రాన్స్‌ఫర్‌కి ఇప్పుడే అర్జీ పెట్టి ఉంచండి. అది చేతికొచ్చేదాకా అక్కడ ఇల్లు మాత్రం కొనకండి.

మరి ఏం చేయవచ్చు? ఎస్.ఆర్. నగర్ ఫ్లాటు కొంటే మీ రోజు తేలికవుతుంది, మామగారికి ఆస్పత్రి దగ్గరవుతుంది. బదులుగా పాత భవనాన్ని నెత్తికెత్తుకుంటారు. బ్యాంకులో ఉన్నారు కాబట్టి వాల్యుయేషన్ ఇంజనీర్లు మీకు తెలిసే ఉంటారు. లోను కోసం వేసే విలువతో సరిపెట్టకుండా పార్కింగ్‌లో పిల్లర్లు, పైకప్పు చెమ్మ, వైరింగ్ విడిగా చూపించండి. బాల్కనీకి పూర్తిగా బిగించిన ఇనుప గ్రిల్ ఉంటే ఒక తలుపు తెరుచుకునేలా కోయించండి, దొంగ కోసం పెట్టిన ఆ గ్రిల్లే అగ్నిప్రమాదంలో మనల్ని బయటికి రానివ్వదు. పిల్లలకి ఆటస్థలం ఉండదు, పాప మొహం ముడుచుకుంటుంది, దానికి సిద్ధపడండి.

కొల్లూరే అనుకుంటే, కొనేముందు ఉంటున్న టవర్లలో ఒక ఏడాది అద్దెకుండి చూడటం ఒక దారి. ఒక వాన, ఒక ఎండాకాలం, మీ బ్యాంకు ప్రయాణం అన్నీ తెలిసిపోతాయి. రెండుసార్లు సామాను సర్దుకోవాలి, ఈలోగా రేటు పెరగవచ్చు. ఏడాది తర్వాత వద్దనుకుంటే పాప చదువు ఇరుకున పడుతుంది. సీబీఎస్‌ఈ అయితే తొమ్మిదిలోనే రిజిస్ట్రేషన్ అవుతుంది, పదిలో స్కూలు మార్చడం అంత తేలిక కాదు. అందుకని ఈ దారి పడితే స్కూలు మాత్రం రెండుచోట్ల నుంచీ వెళ్లగలిగేది చూసుకోవాలి.

మీరిద్దరూ చూడనిది ఇంకోటి ఉంది. చందానగర్, హఫీజ్‌పేట వైపు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు నేరుగా నాంపల్లికి వస్తుంది, మియాపూర్ మెట్రో దగ్గర, మీ వారి ఆఫీసూ మరీ దూరం కాదు. గేటూ పార్కూ ఉన్న మధ్యస్థ అపార్ట్‌మెంట్లు అక్కడ దొరుకుతాయి. ఇద్దరికీ సగం సగం నచ్చుతుంది, ట్రాఫిక్ ఇద్దరినీ విసిగిస్తుంది. మీ ఇంట్లో ఈ గొడవ ఇలాగే సాగేటట్టుంటే దీన్ని తక్కువగా చూడకండి.

నాకైతే ఎస్.ఆర్. నగర్ వైపే మొగ్గుంది, ఆ పిల్లర్లూ మెట్లూ పరీక్షలో నెగ్గితేనే. నెగ్గకపోతే చందానగర్ చూస్తాను. మీ వారికి ఇది నా మాటగా చెప్పకండి. రాత్రి పదకొండింటికి ఆయన్నే తీసుకెళ్లి రెండుచోట్లా కారు ఆపి కూర్చోండి, ఆయన కళ్లతో ఆయన చూస్తారు. పాపతో మాత్రం ఇల్లు తేలేదాకా ఆగకుండా ఈ వారమే మాట్లాడండి. ఆ సాయంత్రం ఏం చూసిందో మీ ఇంట్లో ఎవరూ దాన్ని అడిగినట్టు ఉత్తరంలో లేదు.

ఈ నెలాఖరు దాటితే రేటు పెంచుతామని కొల్లూరు బిల్డర్ మనుషులు తొందరపెడుతున్నారన్నారు. ఆ నెలాఖరు వచ్చే నెలా వస్తుంది. ఒకవేళ టోకెన్ ఇవ్వాల్సి వచ్చినా, అమ్మకం ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ఫ్లాటు ధరలో పది శాతానికి మించి తీసుకోవడం ఇళ్లు కొనేవాళ్ల రక్షణకి తెచ్చిన రెరా చట్టం ప్రకారం కుదరదు. ప్రాజెక్టు రెరా నంబరు, టవర్ పూర్తిచేస్తామని వాళ్లు అక్కడ రాసిచ్చిన తేదీ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే చెక్కు మీద సంతకం పెట్టండి.